చివర రావలసిన కంచె

"నాకు రెండే రెండు మాటలు కావాలి మేడం. నా తమ్ముడి చెయ్యి జారిందా, ఎవరైనా జారేలా చేశారా? వాడు ఆ లారీ కిందకి కావాలని వెళ్ళాడా, లేదా? ఈ రెండూ తెలిస్తే చాలు."

దర్జీ అక్క ఆ మాటలనేసి కుర్చీ అంచున కూర్చుంది. బట్టలు కుట్టి పిల్లని పెంచిన మనిషి. ఏడవడం అయిపోయాక మిగిలే పొడి గొంతుతో మాట్లాడుతోంది. పక్కనే ఆవిడ కూతురు తల వంచుకుని నిలబడింది.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని పోలీసు శాఖలో ఉన్నన్నాళ్ళూ జల్లెడ అనేవాళ్ళు. ఎంత దుమ్ము పోసినా ఆవిడ దగ్గర గింజ కిందకి జారదని అర్థం. ఉద్యోగం వదిలి సొంతంగా దర్యాప్తులు చేసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. ఆ పేరంటే ఆవిడకి ఒళ్ళుమంట, కానీ ఎంతమంది నోళ్ళు మూయగలదు?

వాళ్ళు కూర్చున్నది అంబులెన్సుల ఆఫీసులో సందర్శకుల గది. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే కంప్యూటర్లో చిరునామా చూసి బండి పంపే ఆఫీసు అది. ఆ కంప్యూటర్లని ఇరవై ఏళ్ళు కంటికి రెప్పలా కాచింది దర్జీ అక్క తమ్ముడే. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ ఆయనే పని నేర్పాడు గనక చిన్నా పెద్దా అంతా గురువుగారనే పిలిచేవారు. నెలకొకసారి ఆయన ఒక పని చేసేవాడు. కొత్తవాళ్ళు సాధన చేసుకోవడానికి పెట్టిన నకలు సమాచారం పాతబడితే దాన్ని చెరిపేసేవాడు. క్రితం నెలాఖరున అలాగే చెరిపాడు. చెరిగింది నకలు కాదు, అసలు. చిరునామాలన్నీ గాలిలో కలిసిపోయి, తిరిగి తెచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటలో బండి కోసం ఎదురుచూస్తూ ఒక ముసలాయన ప్రాణం పోయింది.

విచారణలో గురువుగారు ఒకే మాట అన్నారు, నా చెయ్యే జారిందని. ఎన్నిసార్లు తిప్పి అడిగినా అంతకు మించి పెదవి విప్పలేదు. ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. నాలుగు రోజుల తర్వాత తన దగ్గరున్న ఆఫీసు సామాను అప్పజెప్పడానికి ఆఫీసుకొచ్చి, బయటికెళ్ళి, ఎదురుగా ఉన్న కూడలిలో లారీ కింద పడ్డారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"ఒక్క గంట ఇచ్చాను మేడం, అదీ ఈ అమ్మ మొహం చూసి," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ విచారణ అధికారి. ఒకప్పుడు జల్లెడ కిందే పనిచేసి, ఆవిడ చేత చీవాట్లు తిని, ఇప్పుడు ఈ ఆఫీసు యాజమాన్యం తరఫున విచారణలు చేస్తున్నాడు. అతని చొక్కా మడత ఎప్పుడూ నలగదు. అందుకని అందరూ ఇస్త్రీ అంటారు. "రేపు పొద్దున నా రిపోర్టు పైకెళ్ళిపోతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా అందులో అక్షరం మారదు."

"ఏం రాశావు నాయనా?"

"ఉన్నదే రాశాను. వయసు మీద పడింది. కొత్త పద్ధతులు ఒంటబట్టలేదు. నకలు చెరపబోయి అసలు చెరిపాడు. మొహం చెల్లక లారీకి అడ్డం వెళ్ళాడు."

దర్జీ అక్క చివుక్కున తలెత్తింది. "కొత్తవి ఒంటబట్టకపోవడమా, నా తమ్ముడికా? క్రితం నెల వాడి పుట్టినరోజుకి మా అమ్మాయి ఆ కంప్యూటర్ని సర్దిపెడితే ఎంత మురిశాడో మీకేం తెలుసు బాబూ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అదే మాట. 'అక్కా, నీ కూతురు చెయ్యి పడింది, రెప్పపాటులో తెరుచుకుంటోంది' అని. చొక్కా కుట్టి పెడితే కూడా అంత సంబరపడలేదు."

ఇస్త్రీ ఆవులింత ఆపుకున్నాడు. జల్లెడ మాత్రం ఆ మాటని మనసులో ఒక మూల పడేసుకుంది.

"ఎవరో కావాలని చేశారని తేలితే ఏం చేద్దామని?" అని అడిగింది.

"కేసులూ కోర్టులూ నాకొద్దు. నా తమ్ముణ్ణి మింగిన ఆ మొహం ఒక్కసారి చూడాలి. అంతే."

పక్కన కూతురు చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది.

*

గురువుగారి బల్ల గోడ వారన ఉంది. కుర్చీకి వేలాడదీసిన స్వెటర్ ఇంకా అలాగే ఉంది. సీలు తీసి, పాస్‌వర్డులు కొట్టి, ఇస్త్రీ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. మేనకోడలు ఆ కుర్చీలో కూర్చోలేక ఒక క్షణం నిలబడిపోయింది. ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే పనిచేస్తుంది. ఆయన దగ్గరే పని నేర్చుకుంది. మీటలు టకటకా పొడుస్తుందని ఆయన ఆమెని పిచ్చుకా అని పిలిచేవాడు. ఈ నెలలో ఆ టకటకలు ఎవరికీ వినబడలేదు.

"కూర్చో తల్లీ," అంది జల్లెడ. "మీ మావయ్య రోజూ పనిచేసే కిటికీ తెరువు."

తెర మీద ఒక నల్ల కిటికీ వచ్చింది. బొమ్మలూ బొత్తాలూ ఏమీ ఉండని, అక్షరాలతో ఆజ్ఞలు కొట్టే కిటికీ. అది ఖాళీగా అలాగే ఉండిపోయింది. జల్లెడ నిదానంగా ఊపిరి తీసి వదిలాక గానీ మూలన గీత మినుకుమనలేదు.

"మూసేసి మళ్ళీ తెరువు."

మళ్ళీ అంతే ఆలస్యం.

"రెప్పపాటులో తెరుచుకుంటుందని ఇందాక మీ అమ్మ అంది కదా?"

పిచ్చుక నుదురు ముడిపడింది. "అలాగే ఉండేది మేడం. నేను సర్దాక బాగుపడింది. ఇదేంటి, మళ్ళీ పాతలా అయిపోయింది?"

"మిషన్లు ముసలివవుతాయి," అన్నాడు ఇస్త్రీ.

"నువ్వు కాసేపు ఊరుకో. అమ్మాయ్, నాకు ఇవేవీ తెలియవు. తెరుచుకునేటప్పుడు లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పు."

పిచ్చుక గొంతు సవరించుకుంది. పని గురించి మాట్లాడుతుంటే ఆమెకి కాస్త ఊపిరి అందింది. "ఇక్కడ ఏది చేయాలన్నా ఆజ్ఞ కొట్టాలి. పేర్లు పొడుగ్గా ఉంటాయి కదా, మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. ఏ పేర్లు చూపించాలో దానికి చెప్పేవి చిన్న చిన్న ప్లగిన్లు. కిటికీ తెరిచినప్పుడల్లా ఇదిగో ఈ ఫైలు చదివి, ఇందులో ఉన్న వరసలో ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తుంది. వాటిలో ఒకటి పెద్దది. అసలు, నకలు సమాచారం ఉండే సర్వర్ల పేర్లన్నీ దానికి తెలుసు. ఇంకోటి మావయ్య సొంతంగా రాసుకున్నది. దాని పేరు కంచె."

"కంచె ఏం చేస్తుంది?"

"చెరిపే ఆజ్ఞ దగ్గర మాత్రం అడ్డం నిలబడుతుంది. అసలు పేర్లు దాచేసి నకలు పేర్లే చూపిస్తుంది. పొరపాటున కూడా అసలు మీద చెయ్యి పడకుండా."

"ఒకే ట్యాబ్‌కి పెద్దదీ కంచే రెండూ జవాబు చెబితే ఎవరి మాట చెల్లుతుంది?"

"చివర ఎక్కినదాని మాట. గోడకి రెండు రంగులేస్తే పైన వేసిందే కదా కనబడేది. అందుకేనేమో మావయ్య కంచెని అన్నిటికన్నా చివర పెట్టేవాడు, మీరడిగితే ఇప్పుడు తడుతోంది. పైగా అది ఎక్కే ముందు పేర్లన్నీ మళ్ళీ మొదట్నుంచి చదివిస్తుంది. ఆ ఆలస్యం అందుకే కాబోలు."

ఇస్త్రీ ముందుకొచ్చి తెర మీద వేలు పెట్టాడు. "నేను ఇన్నాళ్ళూ మొత్తుకుంటున్నది అదే మేడం. చూడండి, కంచె చివరే ఉంది. అమ్మాయ్, చెరిపే ఆజ్ఞ కొట్టి ట్యాబ్ నొక్కు. ఎంటర్ మాత్రం నొక్కకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

పిచ్చుక నొక్కింది. నకలు పేరే వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నకలే.

"చూశారుగా. ఈ మిషన్లో ట్యాబ్ అసలు పేరు ఇవ్వదు గాక ఇవ్వదు. కాబట్టి ఆ మహానుభావుడు అసలు పేరు మొత్తం చేత్తో కొట్టాడు. మతి లేక కొట్టాడో, మతి ఉండే కొట్టాడో నాకనవసరం. కంచే చేను మేసింది. నా రిపోర్టు అయిపోయింది."

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇస్త్రీ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే ఆ పిల్ల ఏడుపు. మావయ్య చెయ్యి జారిందని మావయ్యే చెప్పాడు. ఇప్పుడు మిషన్ కూడా ఆ మాటే చెబుతోంది.

జల్లెడ స్వెటర్ని ఒకసారి సర్ది కుర్చీకి తిరిగి వేసింది. "ఈ ఫైల్లో చివరిసారి మార్పు ఎప్పుడు జరిగింది?"

పిచ్చుక చూసి చెప్పింది. అది గురువుగారు సామాను అప్పజెప్పడానికొచ్చిన రోజు. లారీ కింద పడటానికి కాసేపటి ముందు.

"నాకు తెలుసు," అన్నాడు ఇస్త్రీ. "ఆధారాలు చెరపడానికొచ్చాడు."

"ఏ ఆధారం చెరిపాడు?"

"అది తెలీదు."

"తెలీనిది అంత గట్టిగా ఎలా అంటున్నావు? విను. పుట్టినరోజు నాటి నుంచి ఈ కిటికీ రెప్పపాటులో తెరుచుకునేది. ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాడు. ఇవాళ పాతలా ఈడుస్తోంది. ఈ ఫైలుని చివరిసారి ముట్టుకున్నది ఆయనే. అంటే చనిపోయిన రోజు ఇక్కడ కూర్చుని కంచెని తెచ్చి చివర పెట్టాడు. చివర పెట్టాడంటే అంతకు ముందు అది చివర లేదు. తాళం పగలగొట్టే దొంగల్ని చాలామందిని చూశాను గానీ, దొంగతనం అయ్యాక తాళం బాగుచేసి పోయే దొంగని నేను చూళ్ళేదు. పైగా ఆ బాగుచేసిన తాళం వల్లే నేరం ఆయన నెత్తిన పడింది. నీ రిపోర్టంతా ఆ తాళం మీదే నిలబడింది."

ఇస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "ఇదంతా ఊహ. కిటికీ నెమ్మదిగా తెరుచుకుంటోందని చెప్పి యాజమాన్యం ముందు నిలబడితే నవ్వి పంపిస్తారు."

"ఆ రోజు ఎంతసేపు కూర్చున్నాడు?"

"కాసేపే. నేనే లాగిన్ కోయించేశాను."

"పని మధ్యలోనా?"

"సస్పెండైన మనిషి మిషన్ ముందు కూర్చుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఊరుకోమనను. ఆ మాట నీ రిపోర్టులో ఉందా?"

ఇస్త్రీ కాలర్ సర్దుకున్నాడు. సర్దడానికి అక్కడ నలిగిందేమీ లేదు. చెప్పుల చప్పుడు చేస్తూ గది కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. ఆ మాట రిపోర్టులో లేదని తేలిపోయింది.

"మేడం," అంది పిచ్చుక, అటు తిరక్కుండానే. "ఫైళ్ళు దిద్దడానికి మావయ్య వాడే ఎడిటర్, ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పాత ప్రతిని పక్కన దాస్తుంది. పనయ్యాక దాన్ని తుడిచేయడం ఆయనకి అలవాటు. చెత్త ఉంచకూడదనేవాడు. కానీ లాగిన్ మధ్యలో పోయిందంటే..."

"తుడిచే వ్యవధి ఉండి ఉండదు. వెతుకు."

ఆ అమ్మాయి వేళ్ళలోకి ప్రాణం వచ్చింది. నెల తర్వాత ఆ గదిలో మళ్ళీ టకటకలు వినబడ్డాయి. మావయ్య తప్పు చేయలేదని తేల్చే దారి దొరికిందని ఆ ముఖం ఒక్క నిమిషం వెలిగింది. ఆ వెలుగు చూసి జల్లెడ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆగమని చెప్పేలోపే పాత ప్రతి తెర మీదకి వచ్చేసింది.

ప్లగిన్ల పేర్లు అకారాది వరసలో ముచ్చటగా సర్ది ఉన్నాయి. పై నుంచి రెండోది కంచె. అన్ని పేర్లూ తెలిసిన పెద్ద ప్లగిన్ ఎక్కడో కింద ఉంది.

టకటకలు ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు ఇస్త్రీ.

పిచ్చుక మీటల మీదకి వంగింది. తనకి తానే శిక్ష వేసుకుంటున్నట్టు ఆ పాత ప్రతిని ఎక్కించి కొత్త కిటికీ తెరిచింది. అది రెప్పపాటులో తెరుచుకుంది. చెరిపే ఆజ్ఞ కొట్టి, రెండక్షరాలు వేసి, ట్యాబ్ నొక్కింది.

అసలు పేరు వచ్చింది.

చక్కగా, పూర్తిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ ట్యాబ్‌ని నమ్మిన మనిషి దాని వంక చూడకుండానే ఎంటర్ నొక్కుతాడు. పిచ్చుక వేలు మీట మీదే ఉండిపోయింది. జల్లెడ వంగి ఆ వేలిని మెల్లగా పక్కకి తీసి, తనే ఆ కిటికీ మూసేసింది.

ఇస్త్రీ కళ్ళు మెరిశాయి. ఎంతైనా ఒకప్పుడు మంచి పోలీసే. "అంటే ఎవరో వరస మార్చారు. ఈ మిషన్ మీద చెయ్యేశారు. మేడం, ఇది చెయ్యి జారడం కాదు, నేరం. ఒక ప్రాణం పోయిన కేసు. ఎవడో దొరకాలి, వాడు జైల్లో కూర్చోవాలి."

"యాజమాన్యానికి ఫోన్ చేసుకో. బయటికెళ్ళి చేసుకో," అంది జల్లెడ.

అతను వెళ్ళేదాకా ఆగి కుర్చీ దగ్గరగా లాక్కుంది.

"పేర్లన్నీ చిందరవందరగా ఉన్నాయని అకారాదిగా సర్దాను మేడం, చివరిదే చెల్లుతుందన్న సంగతి ఆ రోజు తట్టనేలేదు," అంది పిచ్చుక. "రెండోసారి చదివించే లైను ఎందుకో అప్పట్లో అర్థం కాక తీసేశాను. ఎప్పుడూ కిటికీ తెరుచుకునేదాకా వేళ్ళతో బల్ల మీద దరువేస్తూ కూర్చునేవాడు. అది చూసి జాలేసింది. పుట్టినరోజు కదా, చెప్పకుండా చేసి పెడదామనుకున్నాను."

"చేశాక సరిచూడలేదా?"

"అన్నీ చూశాను. ఒక్కో ఆజ్ఞా కొట్టి ట్యాబ్ నొక్కి చూశాను. చెరిపేది ఒక్కటే చూళ్ళేదు. చెరిపి ఎవరు చూస్తారు మేడం? భయమేసి దాని జోలికి వెళ్ళలేదు."

జాగ్రత్తగా ఉండబోయి చేసిన తప్పుకి ఎవరైనా ఏమని తిట్టగలరు?

"మావయ్యకి తెలుసు కదా?"

"తెలుసు తల్లీ. ట్యాబ్ అసలు పేరు ఇచ్చిన రోజే పట్టుకుని ఉంటాడు, అందుకే చెయ్యి జారిందని తప్ప ఇంకేం చెప్పలేదు. విచారణలో నీ పేరు రాకూడదని, సామాను వంకతో వచ్చి మొదట ఈ వరస సరిచేశాడు. నీ చెయ్యి పడిన గుర్తు లేకుండా."

"నన్ను ఒక్క మాట కూడా అన్లేదు." పిచ్చుక చున్నీ అంచుని మళ్ళీ వేలికి చుట్టుకుంది. "వెళ్ళేటప్పుడు నా కుర్చీ వెనక ఆగి, 'రేపు ఇంటికి రావే పిచ్చుకా, ఒకటి నేర్పాలి' అన్నాడు. నేను తలెత్తి చూళ్ళేదు మేడం. ఆయన మొహం చూస్తే ఏడుపొస్తుందని తెరలోకే చూస్తూ సరే అన్నాను. అదే ఆఖరు."

"రేపు అన్నాడా? ఏం నేర్పుతానన్నాడు?"

పాత ప్రతి పక్కనే ఇంకో ఫైలు ఉంది. సేవ్ కాకుండా తెగిపోయిన పనిని ఎడిటర్ అలా దాచి ఉంచింది. పిచ్చుక తెరిచింది. ఒక్కో లైనూ చదువుతూ కళ్ళు తుడుచుకుంది. "ఇది ఇంకో కంచె మేడం. ఇది ట్యాబ్ మీద ఆధారపడేది కాదు. ఏ వరసలో ఎక్కినా పనిచేస్తుంది. అసలు దాన్ని చెరపబోతే ఆపి, పేరు మొత్తం చేత్తో కొట్టమని అడుగుతుంది." ఆమె తెర పైభాగాన వేలు పెట్టింది. "పైన నా మిషన్ పేరుంది. ఇది నా కోసం రాస్తున్నాడు."

చివరి లైను సగంలో ఆగిపోయింది. లాగిన్ తెగిన చోటు అది.

జల్లెడ ఆ సగం లైను వంక చాలాసేపు చూసింది. చావాలనుకున్నవాడు రేపటికి పని పెట్టుకోడు. మేనకోడలిని ఇంటికి రమ్మనడు. ఆ మిగతా సగం ఎలా రాయాలా అని తలలో తిప్పుకుంటూ రోడ్డు దాటబోయి ఉంటాడు.

"విను," అంది. "వరస మార్చింది ఎవరో ఆ ఇస్త్రీకి తెలీదు. నా నోటి నుంచి రాదు. మీ మావయ్య ఏం కోరుకున్నాడో ఈ తెర మీద కనబడుతూనే ఉంది."

"మరి మావయ్య పేరు?"

జల్లెడ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

*

సందర్శకుల గదిలో దర్జీ అక్క ఇందాకటి కుర్చీలోనే ఉంది. మొహాన నవ్వు పులుముకుని వచ్చే అలవాటు జల్లెడకి లేదు. తిన్నగా వెళ్ళి ఎదురుగా కూర్చుంది. పిచ్చుక తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మీ రెండో మాటకి ముందు జవాబు చెబుతానమ్మా. మీ తమ్ముడు కావాలని వెళ్ళలేదు. రేపటికని ఒక పని మొదలుపెట్టి సగంలో వదిలి వెళ్ళాడు. తిరిగి రావాలనే వెళ్ళాడు. నేను రాసి సంతకం పెట్టి ఇస్తాను."

దర్జీ అక్క కళ్ళు మూసుకుంది. ఎండిపోయాయనుకున్న కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా కారాయి. వాటిని తుడుచుకోలేదు. "నా దగ్గరికి రాకుండా, నాతో చెప్పకుండా వెళ్ళిపోయాడని నెల్రోజులుగా వాణ్ణి తిట్టుకుంటున్నాను మేడం. మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను." కాసేపటికి కళ్ళు తెరిచింది. "మొదటి మాట?"

"ఆయన చెయ్యి జారలేదు. ఎవరో ఆ మిషన్లో వరస మార్చారు. తెలియక మార్చారు. మీ తమ్ముడు ఆ సంగతి తెలిసి కూడా నేరం తన మీద వేసుకున్నాడు."

"ఎవరికోసం వేసుకున్నాడు?"

జల్లెడ నేల చూసింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎదుటివాళ్ళ చూపు ఎటు పోతుందో కనిపెట్టి బతికిన మనిషి, తన చూపుని మాత్రం ఆపుకోలేకపోయింది. అది తలుపు దాకా వెళ్ళి వచ్చింది. దర్జీ అక్క ఆ చూపు వెంటే తలుపు వైపు చూసింది. తలుపు చెక్కకి ఆనుకుని నిలబడ్డ కూతురిని చూసింది. పుట్టినరోజూ, కంప్యూటరూ, తమ్ముడి సంబరమూ అన్నీ ఆ తల్లి మొహంలో ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ లోపలికి వచ్చాడు. "యాజమాన్యం ఒప్పుకుంది మేడం. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాం. గురువుగారి తప్పు లేదని రాస్తాం. వరస మార్చింది ఎవరో తేలితే ఇవాళే కేసు."

"కేసు అక్కర్లేదు బాబూ," అంది దర్జీ అక్క. ఆ గొంతు విని జల్లెడ ఉలిక్కిపడింది. అంత నిబ్బరంగా ఉంది. "నా తమ్ముడే మార్చుకున్నాడు. వాడిది వాడే పాడు చేసుకున్నాడు. మీ పాత రిపోర్టే ఉండనివ్వండి."

"పొద్దుటి నుంచి తమ్ముడి పేరు నిలబెట్టమని గోల పెట్టింది మీరే కదమ్మా?"

"అప్పుడు నాకు తెలీదు. వాడికేం కావాలో ఇప్పుడు తెలిసింది. రాసుకోండి. చెయ్యి జారింది వాడికే."

ఇస్త్రీ ఆవిడ వంక చూశాడు. జల్లెడ వంక చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా తలుపు వైపు తిరిగాడు. ఇందాక ఆవులింత ఆపుకుంటూ విన్న మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు అతనికీ సంతోషంగా లేదని జల్లెడ కనిపెట్టింది.

"కంప్యూటర్ సర్దింది మీ అమ్మాయే కదమ్మా," అన్నాడు. "ఇదే గదిలో, నా ఎదురుగా మీరే చెప్పారు."

గోడకి అవతల ఫోన్లు మోగుతున్నాయి. ఎవరో ఎవరికో చిరునామా చెబుతున్నారు.

పిచ్చుక తలుపు వదిలి లోపలికి వచ్చింది. తల్లి ముందు నేల మీద కూర్చుంది. నెల్రోజులుగా వంచుకునే ఉన్న తలని పైకెత్తింది.

"ఆ మొహం చూస్తానన్నావుగా అమ్మా," అంది. "చూడు."

దర్జీ అక్క ఆ మొహంలోకి చూడలేదు. సూదులు గుచ్చుకుని గట్టిపడిన తన రెండు చేతులనీ చాపి, ఇస్త్రీకి గానీ ఇంకెవరికి గానీ కనబడకుండా ఆ మొహాన్ని కప్పేసి, గుండెకి హత్తుకుంది.